పాచి రాయి మీద ఏ బూటు నిలుస్తుంది?

విశాఖ తీరంలో రాళ్ల మీంచి గాలం వేసేవాళ్లు రాడ్డు గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. బ్రెయిడ్ అనే అల్లిన దారం మందం, లూర్ అనే బొమ్మ ఎర బరువు, చేప లాగినప్పుడు దారాన్ని ఆపే రీల్ డ్రాగ్ ఎన్ని కిలోలు పట్టుకుంటుందో అడిగితే టకటకా చెప్తారు. కాళ్లకు మాత్రం ఇంట్లో ఏది దొరికితే అదే: హవాయి చెప్పులు, అరిగిపోయిన స్పోర్ట్స్ షూ, వానాకాలం గమ్‌బూట్లు. నాలుగు కిలోల పార చేప గాలానికి తగిలి పక్కకు లాగినప్పుడు ఆ బలమంతా ఆగేది అరికాలి కింద ఉన్న సోలు దగ్గరే. అది జారితే రాడ్డు ఎంత ఖరీదైనదైనా చేసేదేమీ లేదు.

కొనేవాళ్లలో ఎక్కువమంది అడిగే మొదటి ప్రశ్న 'నీళ్లు లోపలికి వస్తాయా?' నా దృష్టిలో ఇది తప్పు ప్రశ్న. మన సముద్రపు నీరు ఏడాది పొడుగునా గోరువెచ్చగానే ఉంటుంది, పాదం తడిస్తే నష్టం లేదు. అడగాల్సినవి రెండు. ఈ సోలు పాచి మీద దేన్ని పట్టుకుంటుంది? లోపలికి వచ్చిన నీరు ఎంత త్వరగా బయటికి పోతుంది? ఈ రెంటికీ జవాబు షాపులో దొరకదు. మీరు నిలబడబోయే రాయి చెప్పాలి.

అందుకని ముందు రాయి సంగతి. రుషికొండ నుంచి తొట్లకొండ, మంగమారిపేట మీదుగా భీమిలి దాకా, అటు యారాడ వైపు కూడా, కొండ సముద్రంలోకి దిగే చోట్ల ఎక్కువగా కనిపించేది ఖొండలైట్. ఖోండు ఆదివాసుల పేరు మీద వచ్చిన మాట అది. కోణార్క్ గుడికి ఎక్కువగా వాడిందీ ఈ రాయే. ఉప్పుగాలికి అక్కడి శిల్పాలు ఎలా అరిగాయో చూసినవాళ్లకు దీని గుణం తెలుసు. పైపొర పొలుసులుగా లేస్తుంది, అంచులు చేతిలో చిట్లుతాయి, గార్నెట్ గింజలు పైకి తేలి గరుకుగా ఉంటుంది. పొడిగా ఉన్నంతసేపు పట్టు బాగుంటుంది గానీ అంచే విరిగి కింద పడొచ్చు. మధ్యమధ్యలో చార్నోకైట్ తగులుతుంది. నల్లగా, గట్టిగా ఉండి, అలలకు నునుపుదేరిన రాయి. ఇది విరగదు, కానీ తడిస్తే పట్టు ఇవ్వదు. ఈ రెంటి మధ్య తేడాను కాలు తెలుసుకునే ముందే కన్ను తెలుసుకోవాలి.

పౌర్ణమికో అమావాస్యకో ఆటు బాగా తీసిన వేళ, పొడి ఇసుక మీద నిలబడి, రాయిని పైనుంచి కిందికి చూడండి. విశాఖలో ఆ రోజుల్లో ఆటుకూ పోటుకూ తేడా సుమారు ఒకటిన్నర మీటరు. ఆ ఒకటిన్నర మీటరులోనే ఒక పట్టీ కింద ఇంకో పట్టీగా వేర్వేరు పొరలు కనిపిస్తాయి.

అన్నిటికంటే పైన పొడి రాయి. దాని కింద, తుంపర మాత్రమే తగిలే ఎత్తులో, బొగ్గు పూసినట్టు నల్లటి పట్టీ. చాలామంది దాన్ని రాయి రంగే అనుకుంటారు. అది సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల పొర. ఎండినప్పుడు గరుకుగా ఉండి ధైర్యమిస్తుంది. ఒక్క అల తుంపర పడిందంటే ఉబ్బి జిగురుగా మారుతుంది. వచ్చేటప్పుడు నిక్షేపంగా నడిచిన చోటే తిరిగి వెళ్లేటప్పుడు జారి పడ్డామని చెప్పేవాళ్లలో చాలామంది పడేది ఈ నల్ల పట్టీ మీదే. కారణం అంతే: వచ్చినప్పుడు పొడి, వెళ్లేటప్పుడు తడి.

నల్ల పట్టీ కింద తెల్లటి గరుకు మేర. బార్నకిల్ గుల్లలు, రాయికి అతుక్కుపోయిన ఆయిస్టర్ చిప్పలు. ఇక్కడ దాదాపు ఏ సోలైనా నిలుస్తుంది, అంత గరుకు. కానీ పడితే చర్మం చీరుకుపోతుంది. ఇంకా కిందికి వెళ్తే ఆకుపచ్చ పాచి, అంటే పల్చటి ఆకుల్లా ఉండే ఉల్వా, దాని పక్కనే కురచ జుట్టులాంటి ఎర్ర నాచు. ఇక్కడ రబ్బరు సోలుకు రాయి అందనే అందదు. సోలుకీ రాయికీ మధ్య తడి ఆకు ఉంటుంది, ఆ ఆకు మీద బూటు పోతుంది. రబ్బరు ఎంత మంచిదైనా ఇంతే. ఈ ఒక్క విషయం బుర్రకెక్కితే బూటు ఎంపిక సగం అయిపోయినట్టే.

ఇప్పుడు సోళ్లు.

మెత్తటి రబ్బరు రాయి గరుకులోకి ఒదుగుతుంది, దాని బలం అదే. శుభ్రమైన తడి రాయి మీద, బార్నకిల్ మేర మీద, ఎండిన చార్నోకైట్ మీద దీనికి సాటి లేదు. కొనేముందు బొటనవేలి గోరు సోలు మీద గట్టిగా నొక్కండి. గోటి గాటు పడి మెల్లగా మానితే మెత్తటి రబ్బరు. గోరు జారిపోతే అది గట్టి రబ్బరో, పీవీసీయో. ట్రెక్కింగ్ బూట్లలో చాలావాటికి ఎక్కువ కాలం మన్నాలని గట్టి రబ్బరు వేస్తారు. పొడి కొండ దారికి అది సబబే, తడి రాయికి మాత్రం కాదు. గాళ్లు కనీసం 4 మిల్లీమీటర్ల లోతుండాలి, సోలు అంచుదాకా తెరుచుకుని ఉండాలి. మధ్యలో మూసుకుపోయిన గాడిలో నీరు ఇరుక్కుంటే బూటు ఆ నీటి మీద తేలుతుంది.

ఫెల్ట్ అంటే దళసరిగా అణిచిన పీచు. ఇది పలచటి పాచిని పక్కకు నెట్టి, పీచు కొసలతో రాయిని పట్టుకుంటుంది. తడి పాచి రాళ్ల మీద ఒట్టి రబ్బరు కంటే ఇది మేలని వాడినవాళ్లందరూ ఒప్పుకుంటారు. దీని ఇబ్బందులూ ఉన్నాయి. బార్నకిల్స్ దాన్ని తురిమేస్తాయి. ఇసుకలో నడిస్తే పీచు మధ్య ఇసుక నిండి గట్టిపడుతుంది. బురద గట్టెక్కాల్సి వస్తే సబ్బు మీద నడిచినట్టే. ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఇంకొకటి, తడి పీచులో జీవులు బతికి ఒక నీటి నుంచి ఇంకో నీటికి చేరతాయి. న్యూజిలాండ్‌లో 2004లో డిడిమో అనే నాచు బయటపడ్డాక, అది పాకకుండా 2008లో చేపలు పట్టేవాళ్లకు ఫెల్ట్ సోళ్లను నిషేధించారు. అది మంచినీటి నాచు, మన సముద్రపు రాళ్లకు నేరుగా సంబంధం లేదు. కానీ సముద్రంలో వాడిన ఫెల్ట్ బూటు తడి ఆరకుండానే ఏ చెరువులోకో రిజర్వాయరులోకో దిగకండి.

మూడోది లోహపు మేకులు, స్టడ్స్. ఇవి ఆకుపచ్చ పాచిని గుచ్చుకుని కింద ఉన్న రాయిని అందుకుంటాయి. ఆకు పాచి దట్టంగా ఉన్నచోట నమ్మదగింది ఇదొక్కటే. అదే మేకులు పొడి చార్నోకైట్ మీద గాజు మీద పళ్లచక్రం దొర్లినట్టు గీసుకుంటూ పోతాయి, ఎందుకంటే ఒళ్లంతటి బరువూ పదో పన్నెండో చిన్న గట్టి మొనల మీద పడుతుంది, అవి రాతిలోకి దిగవు. ఖొండలైట్ కొంచెం మెత్తన కాబట్టి దాని మీద కాస్త దిగబడతాయి. అల్యూమినియం కడ్డీలున్న సోళ్లు దీనికి మధ్యేమార్గం. మెత్తటి లోహం రాయి గరుకుకు నలిగి పట్టుకుంటుంది, కానీ త్వరగా అరుగుతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ మొన ఉన్న మేకులు ఏళ్లకేళ్లు మన్నుతాయి. మామూలు ఉక్కువి ఉప్పునీటిలో నెల తిరక్కుండానే తుప్పు పడతాయి.

జపాన్‌లో సముద్రపు రాళ్ల మీంచి గాలం వేసేవాళ్ల కోసం ఫెల్టులో పిన్నులు పొదిగిన సోళ్లు తయారుచేస్తారు. విశాఖ రాళ్ల తీరు చూస్తే నాకు అన్నిటికంటే సరిపోతుందనిపించేది ఇదే రకం. ఒకే పూటలో పొడి రాయి, నల్ల పట్టీ, గుల్లలు, పాచి అన్నీ దాటాలి కదా. పాచి మీద పిన్ను, తడి రాయి మీద ఫెల్ట్ పనిచేస్తాయి. దీన్ని కొన్నవాళ్లు ఒకటి గమనిస్తూ ఉండాలి. కొత్తలో పిన్ను ఫెల్టుకు ఒకటి రెండు మిల్లీమీటర్లే పైకి ఉంటుంది. గుల్లల మీద నడవగా నడవగా ఫెల్ట్ అరిగి పిన్ను పొడుగు తేలుతుంది. మూడు మిల్లీమీటర్లు దాటిందంటే మీరు ఒట్టి మేకుల మీద నడుస్తున్నట్టే. 'ఈ మధ్య పొడి రాయి మీద కూడా జారుతోంది' అనిపించడం దానికి గుర్తు. అప్పుడు సోలు మార్పించాలి, లేదా బూటే మార్చాలి.

అలాంటిది దొరక్కపోయినా, ధర అందకపోయినా, మెత్తటి రబ్బరు సోలున్న, చీలమండ పైదాకా వచ్చే బూటు కొని దానికి మేకులు మీరే వేసుకోవచ్చు. ఆరు పలకల తల ఉన్న 9 లేక 10 మిల్లీమీటర్ల పొడుగు స్టెయిన్‌లెస్ స్క్రూలు తీసుకోండి. 304 రకం కంటే 316 రకం ఉప్పుకు బాగా ఆగుతుంది. ముందు సోలు మందం కొలవాలి. స్క్రూ వేయబోయే గుబ్బ (సోలు గాళ్ల మధ్య పైకి లేచిన రబ్బరు) దగ్గర గుబ్బతో కలిపి కనీసం 13 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకంటే పల్చగా ఉంటే మొన లోపలికి వచ్చి అరికాలికి గుచ్చుకుంటుంది. ఒక్కో బూటుకు పది నుంచి పన్నెండు చాలు: ముందరి పాదం అంచుల వెంట ఆరో ఏడో, మడమ అంచున నాలుగు. పాదం మధ్య వంపు దగ్గర వేయొద్దు, అక్కడ బరువు పడదు. బొటనవేలి మొదట్లో ఎముక కింద నేరుగా వేసినా ఇబ్బందే, గంటసేపు నిలబడితే ఆ చుక్క దగ్గర నొప్పి మొదలవుతుంది. స్క్రూ గుబ్బ మధ్యలో దిగాలి, అంచున దిగితే రబ్బరు చీలి రెండో రోజే ఊడిపోతుంది. ముందుగా సన్నటి రంధ్రం చేసి, ఒక చుక్క రబ్బరు జిగురు వేసి బిగించండి. రాత్రంతా ఆరనిచ్చి, బూటు లోపల వేలితో తడిమి మొన ఎక్కడైనా తగులుతోందేమో చూశాకే తొడుక్కోండి. అన్ని గుబ్బలకూ స్క్రూలు వేయడం పొరపాటు. మధ్యలో రబ్బరు నేరుగా రాయిని తాకేలా ఉంటేనే పొడి రాయి మీద కూడా నిలబడగలరు.

ఫుట్‌బాల్ షూ వేసుకొచ్చే కుర్రాళ్లు కనిపిస్తారు. మేకులున్నాయి కాబట్టి పట్టుకుంటుందని వాళ్ల నమ్మకం. ఆ మేకులు గట్టి ప్లాస్టిక్. పచ్చికలో దిగబడటానికి చేసినవి. రాయిలోకి దిగవు, రబ్బరులా ఒదగవు, పాచిని గుచ్చలేవు. నాకు తెలిసినంతలో రాళ్ల మీదకు వేసుకురాగల బూట్లలో అన్నిటికంటే చెడ్డది ఇదే, హవాయి చెప్పుల కంటే కూడా. చెప్పులు వేసుకున్నవాడికి కనీసం భయం ఉంటుంది.

గమ్‌బూట్ల గురించి రెండు మాటలు. బూట్లలో నీళ్లు నిండితే మనిషిని అడుక్కు లాగేస్తాయని అంటుంటారు. అది నిజం కాదు, నీళ్లలో ఉన్న నీటికి బరువు తెలియదు. అసలు ప్రమాదం వేరు. అల వచ్చి బూటు నిండిందంటే ఒక్కో కాలుకు రెండు మూడు లీటర్ల నీళ్లు. ఆ బరువుతో రాయి మీదకు ఎక్కాలి. ఈదేటప్పుడు కాలు ఆడదు, వదులు బూటు సగం ఊడి మడమ దగ్గర వేలాడుతుంది. పైగా వాటి సోలు చాలావరకు పీవీసీ. నీళ్లలో నిలబడటానికి వేసుకునే, ఛాతీదాకా వచ్చే వేడర్లదీ ఇదే కథ, మన వేడిలో వాటి అవసరమే లేదు.

మార్కెట్లో ఆక్వా షూ పేరుతో దొరికేవి ఇసుక తీరానికి బాగుంటాయి. రాళ్ల దగ్గర వాటి పల్చటి సోలులోంచి సీ అర్చిన్ల ముళ్లు దిగిపోతాయి. విశాఖ రాళ్ల సందుల్లో అవి కొల్లలు. ఆ ముల్లు పాదంలో విరిగితే పిన్నీసుతో తీయబోతే ఇంకా ముక్కలవుతుంది. వీటికి తోడు పగిలిన సీసాల పెంకులు, ఎవరో తెంపి వదిలేసిన గాలాలు. సోలు రెండు చేతులతో మెలితిప్పినప్పుడు తువ్వాలులా తిరిగిపోతే ఆ షూ రాళ్లకు పనికిరాదు.

'జాలర్లు ఒట్టికాళ్లతోనే దిగుతారు కదా, మనకెందుకు ఇంత హంగామా' అనే వాదన తరచూ వినిపిస్తుంది. గౌరవంగానే బదులు చెప్తాను. ఆ పాదాలు చిన్నప్పటి నుంచి ఆ రాళ్ల మీదే గట్టిపడ్డాయి. ఏ రాయి ఏ నెలలో పాచి పడుతుందో, ఏ మూల అల ఎగిరి పడుతుందో వాళ్లకు తెలుసు. చేతిలో విసురు వల ఉన్నా చూపు నీళ్ల మీదే ఉంటుంది, ముందు కాలివేళ్లతో రాయిని తడిమి ఆ తరువాతే బరువు వేస్తారు. ఆదివారం పూట మూడు గంటల సేపు వచ్చి పోయే మనిషికి ఆ తర్ఫీదు లేదు. ఒట్టికాళ్ల మీద నమ్మకం వాళ్ల దగ్గర అరువు తెచ్చుకుని, వాళ్ల అనుభవాన్ని మాత్రం వదిలేసి రావడం సరికాదు. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఆ నడక.

నడక అంటే ఇది. పాదం మొత్తం ఒకేసారి పరిచి పెట్టాలి, మడమ ముందు ఆనిస్తే మడమ దగ్గరే జారుతుంది. అడుగు చిన్నది, మోకాలు కొద్దిగా వంచి. ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదకు దూకడం ఎప్పుడూ వద్దు. మేకులు దిగబడేది పైనుంచి నిలువుగా బరువు పడినప్పుడు, దూకినప్పుడు పాదం ఏటవాలుగా తగిలి గీసుకుపోతుంది. దిగుడు నిటారుగా ఉంటే కూర్చుని జరుగుతూ దిగండి, ఇందులో నామోషీ ఏమీ లేదు. ఖొండలైట్ అంచు మీద బరువు వేసేముందు మడమతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే అది పొలుసు లేచిన రాయి, ఏ బూటూ అక్కడ కాపాడదు.

కొలత విషయంలో చాలామంది ఇంట్లో వేసుకునే సైజే కొంటారు. ఈ బూట్ల లోపల వేసుకునే నియోప్రీన్ (మెత్తటి రబ్బరు నురుగు) సాక్సు 2 లేక 3 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దాన్ని తొడుక్కునే బూటు వేసి చూడాలి, చాలావరకు అర సైజు పెరుగుతుంది. సాయంత్రం పూట కొనండి, పాదం అప్పుడు కాస్త ఉబ్బి ఉంటుంది. దుకాణంలో మెట్టు అంచున వేళ్లు కిందికి వంచి నిలబడితే వేళ్లు ముందుకు కొట్టుకోకూడదు, మునివేళ్ల మీద లేస్తే మడమ పైకి లేవకూడదు. వేళ్ల దగ్గర గట్టి రబ్బరు కప్పు ఉండాలి. నీళ్లు పోయే రంధ్రాలు సోలుకు దగ్గరగా, పక్కన ఉండాలి. పైన జాలీ ఉంటే నీరు పోదు, ఇసుక మాత్రం వస్తుంది. తోలు వద్దు, ఉప్పుకు గట్టిపడి పగులుతుంది. వెల్‌క్రో ఇసుక నిండితే పనిచేయడం మానేస్తుంది, తిప్పి బిగించే డయల్ కూడా అంతే. నైలాను లేసు మంచిది, రెండు ముడులు వేసి కొసలు లోపలికి దోపాలి. లేసు కట్టే కొక్కేల బదులు కుట్టిన ఉచ్చులున్న బూటు చూసుకోండి. బ్రెయిడ్ దారం కొక్కేనికి చుట్టుకున్న క్షణంలోనే చేప పరిగెత్తడం ఈ ఆటలో మామూలే.

బూటు బాగుంది కదా అని ఇంకో నాలుగడుగులు కిందికి దిగడం మొదలుపెడితే కొన్న ప్రయోజనమే పోతుంది. జారడం ఒక ప్రమాదం, అల లాక్కుపోవడం ఇంకొకటి. రెండోదానికి సోలులో మందు లేదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చే అలల సూచన చూసుకుని బయల్దేరండి. ఎత్తు ఒక్కటే కాదు, అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లో కూడా అందులో ఉంటుంది. ఆ సెకన్లు పన్నెండు దాటితే సముద్రం పైకి ప్రశాంతంగా కనిపిస్తూనే ఉన్నట్టుండి రాయి మీదకు ఎక్కేస్తుంది. గాలి లేని ఎండాకాలపు రోజుల్లో కూడా, ఎక్కడో దక్షిణ సముద్రంలో పుట్టిన అలలు ఇలా వస్తాయి. చేరాక ఇరవై నిమిషాలు గాలం విప్పకుండా చూడండి. ఆ ఇరవై నిమిషాల్లో తడిసిన రాయి మీద ఆ రోజు నిలబడకూడదు. ఇక లైఫ్ జాకెట్. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 2016లో దీనికోసమే చట్టం తెచ్చి, ప్రకటించిన చోట్ల రాళ్ల మీంచి చేపలు పట్టేవాళ్లకు తప్పనిసరి చేశారు. మనకు చట్టం లేకపోయినా వేసుకోవచ్చు.

పడి గుల్లలకు చర్మం చీరుకుంటే అక్కడున్న సముద్రపు నీళ్లతో కడిగి ఊరుకోవద్దు. వెచ్చని ఉప్పునీటిలో విబ్రియో జాతి బాక్టీరియా ఉంటుంది. సంచిలో ఒక లీటరు తాగునీరు దీనికోసం పక్కన పెట్టుకుని ధారగా కడగండి. టెటనస్ ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తుంచుకోండి. షుగరు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు గాయం ఎర్రబడి వాచేదాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ఇంటికి వచ్చాక బూట్లను కారు డిక్కీలో వదిలేయడం వల్లే సగం బూట్లు పాడవుతాయి. మంచినీళ్ల బకెట్లో పావుగంట ముంచి, లేసులు తీసి, సోలు గాళ్లలోని ఇసుక బ్రష్‌తో తోమి, పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే సోలు అతికించిన జిగురు వదిలిపోతుంది. స్క్రూలు రెండు మూడు నెలలకోసారి విప్పి గ్రీజు రాసి బిగించాలి. అల్యూమినియం కడ్డీలకు ఉక్కు స్క్రూలున్న సోలైతే ఇది మరీ ముఖ్యం, ఆ రెండు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే అల్యూమినియం తినుకుపోయి కడ్డీ ఊడుతుంది.

వాడకుండా దాచిన బూట్లను కూడా నమ్మొద్దు. కొన్నిటి మధ్య పొర పాలీయురిథేన్‌తో చేస్తారు. మన తీరపు గాలిలో తేమకు అది లోలోపలే విరుగుతుంది, వేసుకున్నా వేసుకోకపోయినా. మూడు నాలుగేళ్లు అల్మరాలో ఉన్న బూటు పైకి కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది, రాళ్ల మీద పది అడుగులు వేసేసరికి సోలు మొత్తం ఊడి చేతికొస్తుంది. తీసిన రోజున మధ్య పొరను బొటనవేలితో నొక్కి, బూటును ముందు నుంచి బాగా వంచి చూడండి. సన్నటి పగుళ్లు కనిపించినా, వేలికి పొడి అంటినా ఆ జత సముద్రానికి తీసుకెళ్లకండి.